పటేలు కారు బ్రేకులు, నేను చెప్పని మాట

1939 ఎండాకాలం. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నా రిపేరు షెడ్డు పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. ఊరికి వచ్చే బస్సులు, పత్తి లారీలు, ఇద్దరు ముగ్గురు దొరల కార్లు, ఇవే నాకు పని. అందులో ఒక్క కారు మాత్రం చూస్తే చాలు, కడుపు నిండేది. లింగంపేట అవతల ఊరి రాజిరెడ్డి పటేలుది. ఇద్దరే కూర్చునే, పైకప్పు లేని స్పోర్ట్స్ కారు. సికింద్రాబాదులో ఎవరో అధికారి వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడు. మా మొరం రోడ్ల మీద దాన్ని నడపడమంటే పెళ్ళికూతురిని పొలం పనికి పంపడమే, కానీ పటేలుకు చెప్పేదెవరు?

ఒకరోజు ఆయన కారు నా షెడ్డు ముందు ఆపబోయి, పక్కనున్న కట్టెల అడితి ముందు ఆపాడు. బ్రేకులు అరిగిపోయాయి. ఆ రోజుల బ్రేకు సంగతి రెండు మాటల్లో చెబుతాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది డ్రమ్ము. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. షూల మీద గరుకైన పట్టీ ఉంటుంది, అదే లైనింగ్. పెడలు తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయి. లైనింగ్ అరిగితే కొత్తది పెట్టి రాగి రివెట్లతో బిగించాలి.

"మూడు దినాలు విడిచిపెట్టాలె పటేలా" అన్నాను.

"మూడు దినాలా? నాలుగు పట్టీలు బిగించుటానికి మూడు దినాలెందుకు మిస్త్రీ? మా బాయికాడి ఆయిలింజన్ నేనే ఇప్పుత, నేనే బిగిస్త. లైనింగ్ ఇయ్యి, నేనే ఏసుకుంట."

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళు గ్రీజులో మునిగి నేర్చిన పని ఆయనకు నాలుగు పట్టీలు! అయినా లైనింగ్, రివెట్లు కట్టి ఇచ్చాను. రివెట్ తల లైనింగ్‌లోకి కొంచెం దిగాలని, లేకుంటే డ్రమ్మును గీరుతుందని చెప్పాను. అన్నీ శ్రద్ధగా విన్నాడు.

"ఇంకేమన్న చెప్పేదున్నదా?" అని అడిగాడు.

ఉంది. కొత్త లైనింగ్ రెండు చివరల అంచులను ఆకురాయితో ఏటవాలుగా గీసి అరగదీయాలి. లేకపోతే ఆ అంచు డ్రమ్మును కొరికి, తొక్కినప్పుడల్లా కీచుమని అరుస్తుంది. వీధివీధంతా తిరిగి చూస్తుంది. అరిచినంత మాత్రాన ప్రమాదం లేదు, పరువు తక్కువ అంతే.

"గంతే పటేలా. ఇంజన్ ఇప్పెటోనికి గిదొక లెక్కనా?" అన్నాను.

ఇది నేను పని నేర్చుకున్న సికింద్రాబాదు షెడ్డులో అబ్బిన బుద్ధి. అక్కడి ఉస్తాదులు పనంతా నేర్పి, చివరి కిటుకు ఒకటి తమ దగ్గరే అట్టిపెట్టుకునేవారు. శిష్యుడు ఎప్పటికైనా తిరిగి రావాలని. మా ఉస్తాదు గేరుపెట్టె బిగింపులో ఒక ముక్క నాకు చెప్పలేదు. దాన్ని కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు, మూడు గేరుపెట్టెలు పట్టాయి. అప్పుడు ఆయన్ని ఎంత తిట్టుకున్నానో దేవుడికే తెలుసు. పటేలు విషయంలో నేనూ అదే చేశాను. పది రోజుల్లో కీచుమంటూ వస్తాడు, అప్పుడు నవ్వుకుంటూ ఆకురాయి తీస్తాను అనుకున్నాను.

పటేలు రాలేదు. ఎల్లారెడ్డి బస్సు నడిపే మొయిన్‌భాయ్ మాత్రం ఒక సాయంత్రం షెడ్డుకు వచ్చి కబురు చెప్పాడు.

"మీ పటేలు కారు ఊరంత ఇనవడేటట్టు ఒర్రుతుండె గద, ఇప్పుడు సప్పుడు లేదు. ఆయన జీతగాడు సాయిలు లేడా? పటేలు సప్పుడు బంద్ చెయ్యమంటె చక్రాల సందులకెల్లి ఆముదం పోసిండట. నా బస్సుకు గూడ పోస్తనంటున్నడు!"

నవ్వుతూనే చెప్పాడు. నేను చేతిలో పని వదిలేశాను. మా దిక్కు ఎడ్లబండి కీచుమంటే ఇరుసుకు ఆముదం పెడతారు. తిరిగేదేదైనా, అరిచేదేదైనా నూనె కోసమే అరుస్తుందని పుట్టినప్పటి నుంచీ చూసినవాడు సాయిలు. కానీ బ్రేకు పనే పట్టుకోవడం. నూనె తాగిన లైనింగ్ చల్లగా ఉన్నంతసేపు కాస్త పట్టినట్టే ఉంటుంది. వేడెక్కితే జారుడే.

"పటేలు ఇప్పుడు ఎక్కడున్నడు?"

"ఇంట్లనే. రేపు పొద్దుగాల భార్యను తీస్కొని ఇక్కడి దవాఖానకు వస్తడట. ఆమెకు ఎనిమిదో నెల. మొదటి కాన్పు దక్కలే గద, భయపడుతున్నరు."

ఆ బస్సు మళ్ళీ కదిలేది తెల్లవారాకే. కొత్త లైనింగ్, రివెట్లు, ఆకురాయి సంచిలో వేసుకుని, మొదటి బస్సులో మొయిన్‌భాయ్ పక్కనే కూర్చున్నాను. పటేలు ఆలస్యంగా బయలుదేరాలని దారి పొడుగునా మొక్కుకున్నాను.

లింగంపేట దాటాక ఒక వాగు ఉంది. అటూ ఇటూ ఏటవాలు, మధ్యలో ఒకే బండి పట్టే రాతి దారి. మా బస్సు ఆ దారి మీదికి వచ్చేసరికి ఎదురుగా పై నుంచి కారు దిగుతోంది. దిగే తీరు చూడగానే తెలిసిపోయింది. పటేలు పెడలు మీద దాదాపు నిలబడ్డాడు. చేతి బ్రేకూ లాగుతున్నాడు, కానీ అదీ ఆ షూలతోనే పట్టేది. గేరు తగ్గించబోయాడేమో, పళ్ళు గరగరలాడాయి తప్ప గేరు పడలేదు. పక్కన ఆయన భార్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది.

మొయిన్‌భాయ్ బస్సు ఆపేశాడు, కానీ పక్కకు తప్పుకునే చోటే లేదు. చివరి క్షణంలో పటేలు స్టీరింగ్ చక్రం తిప్పి కారును వాగు ఇసుకలోకి దింపాడు. ఇసుక చల్లగా చూసింది. కారు ఇరుసుల దాకా కూరుకుని ఆగిపోయింది.

దూకి పరుగెత్తాను. ఆమెను దింపి ఇసుకలోనే కూర్చోబెట్టాం. నీళ్ళు తాగించాం. కాసేపటికి ఆమే, "కదులుతుంది. లోపట కదులుతుంది" అంది. పటేలు మొహం తిప్పుకుని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఆయనకు కోపం వచ్చింది. నేను ముందు చక్రం విప్పి డ్రమ్ము తీసేసరికి లోపలంతా ఆముదం జిడ్డు.

"వాడా! సాయిలుగాడా! ఇయ్యాలనే ఎల్లగొడ్త. మల్ల నా గడప తొక్కనియ్య."

సప్పుడు బంద్ చెయ్యమన్నది పటేలే, ఎలా చేశావని అడగనిదీ పటేలే. అయినా నాకు అప్పుడు కనబడింది వేరు. షూల మీద లైనింగ్ ఎంత చక్కగా బిగించాడో! రివెట్లన్నీ సమానంగా దిగాయి. నా షెడ్డులో అంత నీటుగా చేసేవాడు లేడు. తక్కువైంది ఒక్కటే, ఆకురాయి గీత. నోరు మూసుకుంటే తప్పు సాయిలు మీద పోతుంది, నా పేరు నిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం.

"సాయిలును ఏమనకు పటేలా. తప్పు నాది" అని, అంచుల సంగతి మొత్తం చెప్పాను.

పటేలు నా వైపు తిరిగాడు. "నేను అడిగిన గద మిస్త్రీ. ఇంకేమన్న ఉన్నదా అని అడిగిన."

"అడిగినవ్. నేనే చెప్పలే."

ఆయన భార్య మాత్రం నా వైపు చూడలేదు. "గంత మాట చెప్పుటానికి ఏం బరువాయె అన్నా?" అంది, ఇసుక దులుపుకుంటూ.

బస్సు వెళ్ళేది అటే కనుక ఆమెను అందులో ఇంటికి పంపాం. కారును ఎడ్లతో లాగించి పటేలు వాకిట్లోకి చేర్చేసరికి మధ్యాహ్నమైంది. నూనె తాగిన లైనింగ్‌ను ఎంత కడిగినా లాభం లేదు. నాలుగు చక్రాలకూ కొత్తది వేశాం. పటేలు బిగించాడు, నేను ఆకురాయి ఎలా పట్టాలో చూపించాను. రెండో షూ నుంచి ఆయనే గీశాడు. పదిహేను రోజులకు ఆమెకు కామారెడ్డిలోనే కాన్పయింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ తర్వాత ఏడాదికోసారి ఆ బ్రేకులు పటేలే మార్చుకున్నాడు. ఒక్కసారీ కీచుమనలేదు.

ఆ రోజు పని అవుతున్నంతసేపూ సాయిలు గొడ్ల కొట్టం గోడకు ఆనుకుని నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. వెళ్ళబోతూ నేనే పోయి, "పటేలు నిన్నేమనడు, భయపడకు" అన్నాను.

"బండికి నూనె పోస్తె ఎడ్లకు సుకం. గీ బండికి పోస్తె మనుసులు సస్తరని నాకెట్ల ఎర్కైతది మిస్త్రీ?" అన్నాడు. "అమ్మకేమన్న అయితే నేను బతుకుదునా? పటేలు నాకు చెప్పలే, పటేలుకు నువ్వు చెప్పలే. ఎర్కున్నోళ్ళంత నోరు మూసుకుంటే, ఎర్కలేనోడు ఏం జెయ్యాలె?"

అప్పటి నుంచి నా షెడ్డుకు ఎవరు లైనింగ్ కోసం వచ్చినా, తామే వేసుకుంటామన్నా, ముందు ఆకురాయి సంగతి, నూనె సంగతి చెబుతాను. విన్నారని నమ్మకం కుదిరాకే లైనింగ్ చేతికిస్తాను.