సరోజ అత్తకు పాడని చరణం

ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా నా నోట్లో పురుగులు పడనీ. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూసి నవ్వే రకాన్ని నేను. ఇంట్లో ఫ్యూజు పోయినా, ఫోను మొరాయించినా అందరూ నన్నే పిలుస్తారు. అలాంటి నాకే... ఇదిగో, ఇప్పుడు చెబుతుంటే కూడా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి చూడండి.

మా కవితక్క పెళ్లి తిరుత్తణి కొండ మీద. ముందురోజు పొద్దున కనకమ్మసత్రం అనే ఊళ్లో, అక్క వాళ్లమ్మ, అంటే మా మేనత్త సరోజ ఇంట్లో నలుగు. నలుగు పెట్టేటప్పుడు మా వాళ్లు ఒక పాట పాడాలి. ఎప్పటినుంచో వస్తున్న తెలుగు పాట. అది పూర్తిగా వచ్చింది మా అవ్వకొక్కదానికే. అవ్వ పోయింది. అత్త పెళ్లిలో అవ్వ పాడినప్పుడు ఎవరో క్యాసెట్లో పట్టారు. నేను కాలేజీలో ఉన్నప్పుడు దాన్ని అత్త వాళ్ల కంప్యూటర్లోకి ఎక్కించాను. తర్వాత క్యాసెట్ బూజు పట్టిపోయింది.

తమిళ బడిలో చదివిన మాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. పాట వింటూ తమిళ అక్షరాల్లో రాసుకుని, వరస పట్టుకుందామని అత్త ప్లాను. కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా అని నలుగు ముందురాత్రి దాకా ఆగింది.

భోజనాలయ్యాక కంప్యూటర్ ఆన్ చేశాను. తెర నల్లగా ఉంది. లోపలి నుంచి... టక్... టక్... టక్.

"అదేంది పాపా, బల్లి పలికినట్టు?" అంది అత్త.

"హార్డ్ డిస్కు పోతా ఉండాది అత్తా."

"పోతే... మా యమ్మ పాట?"

ఆ ముఖం చూడలేకపోయాను. డబ్బా విప్పాను. దుమ్ము ఊదాను. కేబుల్ మార్చాను, కరెంటు వైరు మార్చాను. టక్... టక్. తిరువళ్లూరులో తెలిసిన షాపతనికి ఫోన్ చేస్తే, చెన్నైకి పంపాలి, వారమైనా పడుతుందన్నాడు. నలుగు తెల్లారితే!

ఇక మిగిలింది ఒక్కటే, పాతకాలం మొండి వైద్యం: బాగా చల్లబరిస్తే పోయిన డిస్కు కాసేపు తిరుగుతుందంటారు. డిస్కును ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా చుట్టి ఫ్రిజ్ తెరిచాను. లోపలంతా పెళ్లి మల్లెపూలు.

"పూల పక్కన ఇనుము పెడతావా?" అని, అత్తే మళ్లీ, "సరి, విడు. అమ్మ పాట వస్తే చాలు," అంటూ పూలను కింది అరకు దించింది. నేను దాన్ని ఫ్రీజర్లోకి తోశాను.

గంట తర్వాత తీసి, తుడిచి, తగిలించాను. టక్... టక్... ఆగింది. తర్వాత గుయ్యిమని తిరగడం మొదలుపెట్టింది. నా సంబరం చూడాలి మీరు! పాటను పెన్ డ్రైవ్‌లోకి కాపీ పెట్టాను. తెర మీద కాపీ గీత చీమలా పాకుతోంది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కాపీ అయ్యింది. డిస్కు చివరిసారి టక్‌మని ఆగిపోయింది. ఇక లేవలేదు.

పెన్ డ్రైవ్‌ను టీవీకి తగిలించి పాట పెట్టాను. గోరింటాకు చేతులతో కవితక్క కూడా వచ్చి కూర్చుంది. అవ్వ గొంతు... గాజుల చప్పుడు... ఎవరివో నవ్వులు. ఆ పాట ఎక్కడ ఆగుతుందో నాకు బాగా తెలుసు. అవ్వ గొంతు పూడుకుపోతుంది, ఒక దగ్గు, అంతే.

గొంతు పూడుకుపోయింది. దగ్గు వచ్చింది. ఆపుదామని చెయ్యి చాచాను.

ఆగలేదు...

నవ్వులు లేవు. గాజుల చప్పుడు లేదు. ఒట్టి నిశ్శబ్దం... అందులో ఎవరో ఊపిరి తీసుకున్నారు... మెల్లగా... తర్వాత అవ్వ గొంతు.

"పసుపు గడప దాటే తల్లీ... తిరిగి చూడకు, వెంటే ఉన్నా..."

నా భుజం మీద అత్త చెయ్యి బిగుసుకుంది.

"ఇది సాగనంపే చరణం," అంది. "ఆ దినం మా యమ్మ దీన్ని పాడలా. ఏడుపొచ్చి లేచి పోయినాది. పెండ్లికూతుర్ని నేనే గదా, నాకు తెలీదా?"

"ఇంకో పెండ్లిలో పాడింది కలిసిపోయిందేమో అత్తా."

"టేపు తెచ్చింది నా పెండ్లికొక్కదానికే. ఇంకో టేపు యాడుండాది?"

పెన్ డ్రైవ్‌ను తీసేద్దామనుకున్నాను. కవితక్క కళ్ల నీళ్లు కారుతున్నా గోరింటాకు చేతులతో తుడుచుకోలేక అలాగే కూర్చుంది. అత్త మాత్రం, "మళ్లీ పెట్టు పాపా," అంది. పెట్టాను. చరణం ఉంది. మళ్లీ పెట్టాను. అప్పుడూ ఉంది. నాలుగోసారికి అత్త కూడా గొంతు కలిపింది.

పొద్దున నలుగులో పాట మొత్తం పాడింది. ఆ చరణం దగ్గర ఎక్కడా తడబడలేదు. ఎవరు నేర్పారని పక్కింటావిడ అడిగితే అత్త పసుపు కలుపుతూనే చెప్పింది, "మా యమ్మ. నిన్న రాత్రి."

పాడైన డిస్కులో పాత ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవచ్చని షాపతను అన్నాడు. కావచ్చు. కానీ అతుక్కోవాలన్నా ఆ ముక్క ముందు ఉండాలి కదా? ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అత్త రోజూ పడుకునే ముందు వింటుంది. నేనూ వింటాను... పగలు మాత్రమే.