పిట్టగోడ మీద ఎర్ర బకెట్

నీరు పల్లమెరుగు అంటారు. మా నాన్న ఉద్యోగమల్లా ఆ సామెతను అబద్ధం చేయడమే. శుద్ధి చేసిన నీళ్లు ఊరి దిగువనున్న పెద్ద తొట్టిలోకి వాటంతటవే వచ్చేవి. అక్కడి నుంచి మిట్ట మీది వీధులకు ఎక్కించాలంటే పంపుహౌసు కావాలి, పంపుహౌసులో మా నాన్న కావాలి. కొళాయిలో నీళ్లు వచ్చినన్నాళ్లూ ఆయన ఎవరికీ గుర్తు రాడు. ఒక్కపూట రాకపోతే మాత్రం ఊరంతా ఆయన తల్లిదండ్రులను కూడా తలుచుకునేది. ఈ ఊరి మీద నా కోపం ఇవాళ్టిది కాదు.

ఇప్పుడక్కడికి వెళ్తే గేటుకు తాళం ఉంటుంది. ఆ గ్రీజు వాసన, తడి నేల, అరికాళ్లలోంచి పాకే మోటారు అదురు నాకింకా గుర్తే. ఆ మోతలో బతికిన మనిషి కనక నాన్న ఇంట్లోనూ అరిచే మాట్లాడేవాడు. "కూరలో ఉప్పేదే?" అంటే గోడ అవతల నుంచి పక్కింటావిడ, "మా ఇంట్లో ఉంది, పంపనా అన్నయ్యా?" అనేది.

నాన్న అక్క, అంటే మా అత్తది, మిట్ట మీద ఆఖరి ఇల్లు. ఓ వేసవిలో నీళ్లందక ఆవిడ తిన్నగా మునిసిపల్ ఆఫీసుకెళ్లి ఇంజనీరుతో చెప్పింది. ఆయన నలుగురిలో నాన్నను కడిగేశాడు.

"తమ్ముణ్ణి నేనుండగా పైవాడికి చెబుతుందా? ఇక ఆ గడప తొక్కను. మళ్లీ నా మీద చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వను," అన్నాడు నాన్న.

అప్పటి నుంచి అత్త ఇంట్లో గిన్నెలన్నీ నిండేదాకా పంపు ఆపేవాడు కాదు. పని అయ్యాక ఆవిడ బకెట్ కడిగి, మేడ పిట్టగోడ మీద బోర్లించేది. పంపుహౌసు వాకిట్లోకి ఆ ఎరుపు కనబడేది. బకెట్ బోర్లించగానే కొళాయి ఆగుతోందని ఆవిడా కనిపెట్టింది. ఇక అదే కబురైపోయింది.

నాన్న గ్రీజు చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని మిట్టవైపు చూసేవాడు. "ఇంకా పెట్టలేదు మహాతల్లి. గంగాళాలన్నీ బయటికి తీసినట్టుంది."

క్యారియర్ తెచ్చిన అమ్మ నవ్వేది. "మాటల్లేవంటారు. రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారుగా!"

ఏళ్లు గడిచాక టైమరు పెట్టె వచ్చింది. గోడకు బిగించి, తాళం వేసి, "ఇక మీరు ఊరికే కూర్చుంటే చాలు" అని చెప్పి వెళ్లారు. మర్నాడు వేళ కాగానే మోటారు ఠక్కున ఆగింది. పిట్టగోడ బోసిగా ఉంది. నాన్న ఆ పెట్టె ముందు నిలబడి దాని తాళాన్ని ఓసారి లాగి చూశాడు. మిట్టవైపు చూడలేకపోయాడు.

వారం తిరక్కుండా అత్త ఆ ఎర్ర బకెట్ పట్టుకుని దిగి వచ్చింది.

"ఏరా, మాటలు మానేశావు, పడ్డాను. ఇప్పుడు నీళ్లు కూడా మానేశావా? మళ్లీ నేనేం చేశాన్రా?"

"నేను కాదే అక్కా! ఆ పెట్టె ఆపింది!" నాన్న అరిచాడు. మోటారు ఆగే ఉంది, అరవక్కర్లేదు.

"మరి వచ్చి చెప్పొచ్చుగా?"

"నువ్వు ఆఫీసుకెళ్లే ముందు నాకు చెప్పొచ్చుగా?"

నాన్న బకెట్ లాక్కుని తొట్టి దగ్గర నింపాడు. దాన్ని మోసుకుంటూ ఆవిడ వెనకే మిట్ట ఎక్కాడు. మలుపు తిరిగేదాకా అత్త గొంతు వినిపిస్తూనే ఉంది: "ఒలక్కుండా నడవరా, ఇంజనీరుకు చెబుతా!"

టైమరు సరిచేయడానికి ఆఫీసు నెలలు తీసుకుంది. అంతదాకా నాన్న రోజూ బకెట్‌తో మిట్ట ఎక్కాడు. సరిచేశాక కూడా ఎక్కడం మానలేదు. చేతిలో బకెట్ ఉండేది కాదు, అంతే.