అయిదో మొసలి

మొన్న కాశీబుగ్గలో మా కూతురింటికి ఎల్లినాను. కంచం ముందేసుకుని అన్నం కలుపుకుంతన్నాను. పక్కన మా అల్లుడు ఫోనులో ఒక వీడియో సూత్తన్నాడు, ఎవులో పాత టీవీ గేము ఆడతన్నాడు. ఈ గేము సినిమా పేరు సూపించి అమ్ముకున్నారంట అత్తా, ఎంత కస్టమంటే అప్పట్లో దీన్ని దాటినోడే లేడంట, అందరూ తిట్టుకున్న గేమంట అనీసి నవ్వుకుంటా ఫోను నా వేపు తిప్పినాడు. తిప్పీసరికి నది కనబడింది. నదిలో ఆకుపచ్చ మొసల్లు, ఒడ్డు మీద ఎర్ర సొక్కా ఏసుకున్న ఏలెడంత మనిసి. అన్నంలో ఉన్న నా బొటనేలు దానంతటది కదిలీసింది. ఆపీ బాబూ అన్నాను. కంచం పక్కకి జరిపీసి లెగిసిపోనాను.

నాను అయిదో తరగతి వరకే సదివినాను. ఉత్తరం ముక్క తప్ప ఎప్పుడూ ఏటీ రాయలేదు. తప్పులుంటే మీరే సరిసేసుకుని సదూకోండి. నా ఈడోల్లకైతే నాను సెప్పీది అర్దమవుద్దన్న దైర్నంతోటే రాత్తన్నాను.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గిర్లో ఉన్న ఊరు. నన్ను మా మేనమామ కొడుక్కే ఇచ్చినారు, అంచేత పెల్లికి ముందూ తరవాతా కూడా ఆయన నాకు బావే. బావ కాశీబుగ్గలో ఒక సినిమా హాల్లో గేటు కాడ పన్జేసీవోడు, నాను జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టీదాన్ని. పొద్దున్నే సైకిలు ఎనకాల నన్ను కూకోబెట్టుకుని, జీడితోటల మద్దినించి ఇసక రోడ్డు మీద తొక్కుకుంటా తీసుకొచ్చి, నన్ను ఫ్యాక్టరీ కాడ దింపీసి తను హాలుకి ఎల్లిపోయీవోడు. అప్పటికి మా పాప రెండేల్లది, దాన్ని మా అత్త సూసుకునీది.

రెండువేల సంవచ్చరం దాటిన కొత్తలో ఆ హాలుకి ఒక ఇంగ్లీసు సినిమా తెలుగు మాటలతోటి వొచ్చింది. మొసల్లుండీ నదికి అవతల కూతురు సిక్కుకుపోతే, దానికోసం ఒక తండ్రి నదిలో దిగి ఎల్లడం కత. జనం ఇరగబడి సూసినారు, మూడు వారాలాడింది. అన్నాల్లూ బావ హాల్లోనే ఉన్నాడు గాని, సివర బొమ్మ మాత్రం ఒక్కపాలీ సూడలేదు. ఎందుకంటే సివర మ్యూజిక్ మొదలవగానే గేటోడు తలుపులు తీసీయాల, లేదంటే జనం మీద పడిపోతారు. పగటాటల్లో తలుపు తీత్తే ఎండ తెర మీద పడి బొమ్మంతా తెల్లగైపోద్ది, రాత్రాటకి ఎండ లేకపోయినా వీపు తెరకేసి పెట్టి జనాన్ని తోలుకోవాల. అలగ ఆ మ్యూజిక్ మాత్రం బావకి నోటికొచ్చీసింది. సైకిలు తొక్కుతా ఈలేసీవోడు. "ఈ ఈల ఇంటే నాకు గేటు తీసీయాలనిపిత్తాదే" అని నవ్వీవోడు. తండ్రీ కూతురూ ఏటైనారు అనీసి సూసినోల్లనడిగితే, ఒకలు తండ్రి బతికినాడన్నారు, ఒకలు కూతుర్ని ఒడ్డెక్కించి సచ్చిపోనాడన్నారు. నేల టిక్కెట్టోల్లు మ్యూజిక్ రాగానే లెగిసి నిలబడిపోయీవోరు కదా, ఎనకోల్లకి మాత్రం ఏటి కనబడుద్ది. సినిమా రీల్ల పెట్టి తిరిగి ఎల్లిపోనాది, బావ మనసులో ఆ సివర అలగే ఉండిపోనాది.

అప్పుడే పలాస స్టేసను కాడ ఒక షాపులో టీవీకి తగిలించీ గేములు అమ్మీవోరు. ఒక క్యాసెట్టు మీద ఆ సినిమా బొమ్మే ఉంది, అదే తండ్రి, అవే మొసల్లు. గేము సివరిదాకా ఆడితే ఆ సినిమా సివర బొమ్మ వొత్తాది అని షాపోడు సెప్పినాడంట. బావ దాన్ని సంకలో పెట్టుకుని పండగలాగ ఇంటికొచ్చినాడు.

ఆ నెల్లోనే బావ కాల్లు ఉబ్బినాయి. గేటు కాడ నిలబడి నిలబడి నీరు దిగినాదిలే అంది అత్త. తరవాత మొకం ఉబ్బినాది, అన్నం సయించలేదు. టెక్కలి తీసుకెల్తే డాక్టరు పరీచ్చలు సేయించి, కిడ్నీలు రెండూ పాడయిపోనాయి, ఈ మందులు పది రోజులేసి వైజాగు తీసుకెల్లండి అన్నాడు. మా ఉద్దానంలో అప్పటికే ఇలగ ఉబ్బి ఉబ్బి పోయినోల్లు ఉన్నారు. మా ఈదిలోనే ఇద్దరు వైజాగని ఎల్లి మల్లీ నడుసుకుని రాలేదు. ఆ సంగతి బావకీ తెలుసు, నాకూ తెలుసు, ఒకలికొకలం సెప్పుకోలేదు. ఇంటికొచ్చినాక బావ ఒకే ఒక మాటన్నాడు, "ఎల్లీలోపల ఆ సివర సూసీయాలే."

గేము సంగతి సెప్తే మీరు నమ్మరు. మూడు పానాలిత్తాడు, మూడూ అయిపోతే మొదట్నించి ఆడాల. కరెంటు పోతే మొదట్నించే. ముందర అడివి, తరవాత బురద, తరవాత కొండ, అయ్యన్నీ ఎలగోలాగ దాటొచ్చు. సివర్న నది. నదిలో అయిదు మొసల్లు వరసగా తేలతాయి, ఒకదాని వీపు మీంచి ఇంకోదాని మీదకి గెంతాల, ఒక్క రవ్వ ఆగినా కింద మొసలి మునిగిపోద్ది, మనిసి పోతాడు. నాలుగు గెంతి అయిదోదాని మీదకి సేరితే, అక్కడ్నించి ఒడ్డు ఎంత దూరమంటే, ఎంత గట్టిగా గెంతినా నీల్లలోనే పడతాడు. బావ పొద్దుటినించి సాయంత్రం దాకా ఆడీవోడు, ఉబ్బిన ఏల్లతోటి, గోడకి ఆనుకుని, పల్లు కొరుక్కుంటా.

నాలుగో రోజున నాను సేసిన పని ఇప్పటికీ మర్సిపోలేను. జీడిపిక్కలు కొట్టీ ముందర మేం సేతులకి ఆముదం, బూడిద రాసుకుంటాం, లేదంటే పెంకులోని జీడి సొన తోలు కాల్సీద్ది. పని అయినాక మల్లీ బూడిదేసి రుద్ది రుద్ది కడుక్కోవాల, సబ్బుకి అది పోదు. ఆ రోజు బావకి దాహమేత్తందేమో అనీసి ఆదరాబాదరా వొచ్చీసినాను, సేతులు సరిగ్గా తోముకోలేదు. మంచినీల్లిచ్చి, నువ్వు తాగీదాకా నాను పట్టుకుంటాలే అని గేము బటన్లు తీసుకుని రెండు నొక్కులు నొక్కి మల్లీ బావ సేతిలో పెట్టినాను. తెల్లారీసరికి బావ బొటనేల్లు రెండూ బొబ్బలెక్కిపోనాయి. నాకైతే అలవాటైన తోలు, ఆ నీరు పట్టిన ఏల్లు ఎలగ ఓర్సుకుంటాయి. అత్త సూసి గుండెలు బాదుకుంది. బావ మాత్రం నా మొకం సూసి, "సరేలే, నా ఏల్లు కాల్సీసినావు కదా, ఇంక నీ ఏల్లే నావి. కూకో" అన్నాడు.

అప్పట్నించి నాను ఆడీదాన్ని, బావ సెప్పీవోడు. మొకం ఉబ్బి కల్లు మూసుకుపోతన్నాయి, అయినా ఒక్కో మొసలికి ఒక్కో సౌండు ఉండీది, ఆ సౌండు ఇనే మూడోది దాటినావు, ఇప్పుడు గెంతు అని సెప్పీవోడు. ఫ్యాక్టరీకి ఎల్లడం మానీసినాను. అత్త పాపని సంకలో ఏసుకుని గుమ్మంలో నిలబడి, ఈదంతా ఇనబడీలాగ, "మొగుడు మంచం మీదుంటే ఇది టీవీలో మొసల్లాట ఆడతందమ్మా, సూడండర్రా" అనీది. బావ మంచం మీంచే, "దాన్నేటీ అనకే అమ్మా, అది నా డ్రైవరు" అనీవోడు. నాను తల తిప్పీదాన్ని కాదు. తిప్పితే మనిసి సచ్చిపోతాడు.

తొమ్మిదో రోజుకి నాను అడివీ బురదా కొండా కల్లు మూసుకుని దాటీదాన్ని. అయిదో మొసలి కాడ మాత్రం అదే సావు. ఒకపాలి బావ అలిసిపోయి మెల్లగా అన్నాడు, "గెంతకే. ఊరికే నిలబడు. ఏటవుద్దో సూద్దాం." నిలబడితే మునిగిపోద్ది కదా బావా అన్నాను. అన్నానే గాని, నిజం అది కాదు. నాకు నిలబడ్డం సేతకాలేదు. పిక్క కొట్టీ మిసనుకి కాలితో తొక్కితే కత్తి దిగుద్ది, సేత్తో పిక్క పెట్టి అదే ఊపున సెయ్యి లాగీయాల, పెట్టీ లాగీ, పెట్టీ లాగీ, పన్నెండో ఏటినించి నా ఏల్లకి అదొక్కటే వొచ్చు. ఆగితే ఏలు పోద్ది. బావ నిలబడమన్న పెతీపాలీ నా బొటనేలు నన్నడక్కుండానే నొక్కీసీది. మనిసి గెంతీవోడు, నీల్లలో పడీవోడు.

పదో రోజు పొద్దున్న మా మామ జీపు తీసుకొచ్చినాడు. బావని అరుగు మీద మంచంలో పడుకోబెట్టినారు, దుప్పట్లూ గిన్నెలూ జీపులో సర్దుతన్నారు. లోపల నాను టీవీ ముందర కూకున్నాను. ఒక్క పానం మిగిలుంది. సౌండు పెద్దగా పెట్టమన్నాడు బావ అరుగు మీంచి. పెట్టినాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోదాని మీదకి సేరినాను. బయటినించి బావ ఊపిరి సౌండు కూడా ఇనబడతంది. దేవుడా ఈ ఒక్కపాలికి ఏలు కదలకుండా సూడు అనుకున్నాను. మామ రండమ్మా టైమయిపోతంది అని కేకేసినాడు. ఏలు కదిలీసింది.

టీవీ ఆపీసి బయటికొచ్చినాను. నా నోటినించి ఎలగొచ్చిందో నానెరగను. దాటీసినాను బావా అన్నాను. బావ కల్లు తెరవలేదు. సివర్న ఏటుందే అన్నాడు. నాను మంచం పక్కన కూకుని సెప్పినాను, తండ్రి ఒడ్డెక్కినాడు, కూతురు లగెత్తుకొచ్చి మెడ కావలించుకుంది, ఇద్దరూ బతికే ఉన్నారు, ఇసకలో నడుసుకుంటా ఇంటికెల్లిపోతన్నారు, పాపకి తండ్రి సొక్కా కప్పినాడు, అలగ కల్లతో సూసినట్టే సెప్పీసినాను. బావ అంతా ఇన్నాడు. మా పాపని ఒకపాలి దగ్గిరికి తీసుకురమ్మన్నాడు, బొబ్బల ఏల్లు తగలకుండా అరిసేత్తో దాని తల నిమిరినాడు. "అయితే ఇంక గేటు తీసీయొచ్చులే" అన్నాడు. ఎత్తి జీపులో పడుకోబెట్టినారు.

వైజాగునించి బావని మల్లీ అదే జీపులో తీసుకొచ్చినాం, తెల్లగుడ్డ కప్పి.

ఇరవయ్యేల్లు పైనే అయిపోనాది. పాపని పెంచినాను, సదివించినాను, పెల్లి సేసినాను. అన్నిటికన్నా నన్ను కొరికీది ఒక్కటే, సచ్చిపోయీ మనిసికి అబద్దం సెప్పి పంపినాను గదా అని. నమ్మినాడు కదా, సుకంగా ఎల్లినాడు కదా అని నాకు నానే సద్దిసెప్పుకునీదాన్ని.

మొన్న ఆపించినాను గాని ఆ రాత్రి నిద్దర పట్టలేదు. మర్నాడు పొద్దున్న టీ తాగుతా, ఆ వీడియో మిగతాది పెట్టు బాబూ అన్నాను. ఆడతన్నోడు నాలుగు మొసల్లు గెంతి అయిదోదాని మీదకి వొచ్చినాడు. వొచ్చి, సేతులు తీసీసినట్టున్నాడు, ఊరికే నిలబడినాడు. మొసలి మునగలేదు. మెల్లగా కదిలి, మనిసిని వీపు మీద పెట్టుకుని, తనే ఒడ్డుకి తీసుకెల్లి దింపింది. బావ సెప్పిందే. అంతే ఉంది.

మనిసి ఒడ్డు మీద అడుగెట్టగానే మ్యూజిక్ మొదలయినాది. ఆ ఈలే. సైకిలు మీద బావ ఏసీ ఈల, గేటు తీసీయమని సెప్పీ ఈల, అదే, టీవీలోంచి వొచ్చినట్టు గరగరగా. గ్లాసు నా సేతిలో ఉండిపోనాది. ఆ పొద్దున్న సౌండు పెద్దగా పెట్టమన్నాడు బావ. సివర బొమ్మ వొత్తే ఆ మ్యూజిక్కూ వొత్తాదని, అరుగు మీద ఆ ఈల కోసమే సెవులొగ్గి పడుకున్నాడు. అది మోగలేదు. మోగలేదని బావకి తెలుసు. తెలిసీ నాను అల్లిన సివరంతా ఇన్నాడు, తెలిసే గేటు తీసీయొచ్చన్నాడు.

కల్లల్లో నీల్లు తిరిగీసరికి ఫోనులో సివర బొమ్మేటో నాకూ కనబడలేదు. మల్లీ ఏత్తానత్తా అన్నాడు అల్లుడు. ఒద్దులే అన్నాను.

ఇప్పుడు ఏ సినిమా సివర కావాలన్నా ఏలితో ముందుకి లాగి సూసీసుకుంతన్నారు, నచ్చకపోతే మల్లీ ఎనక్కి లాగుతన్నారు. బావ పన్జేసిన హాలు మూసీసి సానా కాలమయింది, నాను తొక్కిన మిసన్ల సోట కరెంటు మిసన్లొచ్చీసినాయి, పిక్క దానంతటదే పగులుద్ది. నా ఏల్లకి ఇప్పుడు పనేటీ లేదు. ఊరికే ఒల్లో పెట్టుకుని కూకుంతన్నాను. ఇన్నాల్లకి నిలబడ్డం వొచ్చింది బావా, ఇప్పుడు నిలబడమను, నిలబడతాను.