టీచరమ్మ తిట్లు

మా ఎదురింటి టీచరమ్మ సోమవారం ఉదయం కన్నుమూసింది. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకునే ఆ మాట విన్నాను. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇంతమందికి ఇంకా బుద్ధి చెప్పవలసి ఉండగా ఆమె ఎట్లా పోతుంది?

బంగారు గనుల పక్కనున్న మా ఆండర్సన్‌పేటలో మా వీధివాళ్ళందరూ ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే. ఉద్యోగం రిటైరైంది గానీ ఆ గొంతు రిటైర్ కాలేదు. ఆదివారం పూట తల్లిదండ్రులను తన అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లల చేత వాళ్ళకు ఫోన్ పాఠం చెప్పించేది. "నీ కొడుకు ఆడే ఆట పేరేందప్పా?" అని అడిగేది. చెప్పలేని తండ్రిని ఆ ఆట నేర్చుకునేదాకా లేవనిచ్చేది కాదు.

నేను మాత్రం ఆ అరుగు ఎక్కలేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు పుట్టిన బంగారుతల్లి మా అమ్మాయి. నేను పనిచేసే గని మూతపడ్డాక రోజూ రైల్లో బెంగుళూరు పోయి కాపలా పని చేసేవాణ్ణి. బిడ్డ వీధిలో తిరగకుండా ఇంటిపట్టునే ఉంటుందని ఫోన్ కొనిచ్చాను. ఇంట్లో ఉంటే భద్రమే కదా అనుకున్నాను. నా అంత మూర్ఖుడు ఉండడు.

ఆ ఫోన్‌లోనే ఒకడు దూరాడు. ఆటలో పరిచయమై, అన్న లాంటివాడినని నమ్మించి, పంపకూడని ఫోటో ఒకటి పంపించుకున్నాడు. ఇంకా ఫోటోలు పంపకపోతే దాన్ని బడిలో అందరికీ పంపుతానన్నాడు. పద్నాలుగేళ్ళ పిల్ల! ఆ వెధవను తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. అంతకన్నా నా మీద నాకే మంట. తనంతట తానే ఏడుస్తూ వచ్చి చెప్పిన బిడ్డ మీద నేను చెయ్యెత్తాను. పరువు పోతుందని ఆ మెసేజీలన్నీ చెరిపేయబోయాను.

మా అరుపులకు టీచరమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చి ఫోన్ లాక్కుంది.

"సాక్ష్యం చెరిపి దొంగను కాపాడతా ఉండావా?"

"ఈ పిల్లకు ఫోన్ ఇచ్చిందే తప్పమ్మా."

"గనిలో చేసినోడివి గదప్పా! పైన టోకెన్ బిళ్ళ ఇయ్యకుండా ఎవురన్నా దిగినారా? లోపల ఎవురుండారో పైన తెలిస్తేనే కదా లాగేది! నీ బిడ్డ ఈ ఫోన్‌లోకి దిగింది. నువ్వు యాడ ఉండావు? ఈ పొద్దు కొట్టినావంటే ఇంగ ఎప్పటికీ నీకు చెప్పదు."

తరువాత అమ్మాయి వైపు తిరిగి మెత్తగా అంది: "తప్పు వానిది, నీది కాదమ్మా."

మెసేజీలన్నీ ఫోటోలు తీయించి, వాణ్ణి బ్లాక్ చేయించి, మమ్మల్ని పోలీసు స్టేషన్‌కు బయల్దేరదీసింది. "మర్యాద..." అని నేను గొణిగాను. "నీ మర్యాద మూటగట్టి ఆటో వెనక పెట్టు, పా!" అంది.

ఆ ఫోటో ఎవరికీ చేరలేదు. వాడు మాత్రం దొరకలేదు. ఈ రెండేళ్ళూ అమ్మాయి ఏదున్నా టీచరమ్మకే చెప్పుకుంది. నాతో అడిగినదానికి జవాబు మాత్రమే. నేను చేసుకున్నదే కదా.

నిన్న సాయంత్రం సంగటి తింటున్నాను. అమ్మాయి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"నాయనా, ఎవురో తెలియనోడు మెసేజ్ పెట్టినాడు. చూస్తావా?"

ఒళ్ళు భగ్గుమంది. ఆ మంటలోనే ఎంత సంతోషమో ఎట్లా చెప్పేది! నా బిడ్డ నా దగ్గరికి వచ్చిందయ్యా, నా దగ్గరికి! అరవలేదు. "రా తల్లీ, కూర్చో" అన్నాను. నా చేతినిండా సంగటి. తనే నా భుజానికి ఆనుకుని కూర్చుని, ఫోన్ నా కళ్ళ ముందు పట్టుకుని, ఒక్కొక్క మాటే చదివి వినిపించింది.