బండల సందులో ముదురు తొండ

నా ఎడమ మోకాలు మొరాయించి నెల దాటింది. మెట్లెక్కలేక, నేను పాఠాలు చెప్పే బడిలో కింది అంతస్తు గది అడిగి తీసుకున్నానని తెలిసి, మా ఆయన నిన్న సాయంత్రం నంద్యాల బస్టాండు బయట ఎవరో అమ్ముతుంటే బొటనవేలంత సీసాలో నూనె కొనుక్కొచ్చాడు. మూత తీయగానే కాగిన కొవ్వూ కర్పూరమూ కలిసిన వాసన గదంతా నిండింది. ఆ వాసన నేను ఎరిగినదే. సీసా మీద సాండా నూనె అని రాసి, పక్కన పొడుగు మెడతో, చీలిన నాలుకతో ఒక జంతువు బొమ్మ వేశారు. దాన్ని వెలుతురుకు పట్టి చూశాను. సాండా అంటే ఎడారి బల్లి, దానికి అంత మెడ ఉండదు, నాలుక అలా అసలే ఉండదు. అది ఉడుము. ఒకదాని పేరు రాసి ఇంకోదాని బొమ్మ అతికించినవాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు, ఎందుకంటే పదేళ్ల వయసులో ఇదే పొరపాటు నేనూ చేశాను. వాడు బొమ్మతో చేశాడు, నేను ప్రాణంతో చేశాను.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉండేది. మా వైపు అప్పుడు ఏ ఇల్లు చూసినా నాపబండలే. నేల బండలే, అరుగు బండలే, గొడ్ల దొడ్డికి దడి కూడా నిలబెట్టిన బండలే. ఇంకో గది వేద్దామని మా నాయన గని నుంచి రెండు బండ్ల రాయి తోలించి, ఆ గది వేసే తీరిక ఏనాడూ దొరక్క, ఇంటి వెనక పేర్చి వదిలేశాడు. ఆ కుప్ప పిల్లలం మా సొంతం చేసుకున్నాం. విరిగిన పెచ్చులు ఏరి తొక్కుడుబిళ్లకు బిళ్లలు చేసుకునేవాళ్లం, నున్నటి బండ మీద బొగ్గుతో గళ్లు గీసి బారాకట్ట ఆడేవాళ్లం. చలికాలం పొద్దున్నే శనగచేలోకి పోయి, మంచుకు తడిసిన ఆకుల మీద వేళ్లు రాసి ఆ పులుపు నాకుతూ, చాటుగా పీకిన పచ్చిశనగ చెట్లు తెచ్చి ఆ బండల మీదే కాల్చుకుని, మూతులు నల్లగా చేసుకుని, అమ్మ కట్టె పట్టుకుని వచ్చేదాకా వలుచుకు తింటూ కూర్చునేవాళ్లం.

మా నాయన తల్లిని మేం జేజి అనేవాళ్లం. ఆదివారం వస్తే తెల్లచీర కట్టుకుని, తలుపు తాళం తీసేవాడి కంటే ముందే చర్చి గడపలో కూర్చునే మనిషి. అన్నిటికంటే ఆమెకు కోతపండగ ముఖ్యం. పంటలు ఇంటికి వచ్చాక ఎవరి చేలో పండింది వాళ్లు చర్చికి తెచ్చి దేవుడి ముందు పెట్టే రోజది. జొన్నలు, శనగలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ బలిపీఠం ముందు కుప్ప పోసి ఉంటే చర్చి సంత మాదిరి ఉండేది, ఇంటికొస్తే ఓళిగలూ నిప్పట్లూ వేటకూరా. మా చేని తొలి జొన్నలు గంపలో నెత్తిన పెట్టుకుని తీసుకుపోవడం జేజి పని, ఆ గంప ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. అలాంటి మనిషి ఆ ఏడు వానల్లో దొడ్లో పాచి మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో చూపిస్తే, ఈ వయసులో కత్తి పెట్టకపోవడమే మేలన్నారు. వెనక వసారాలో మంచం వేశాం.

"పండగ నాటికన్నా నా కాళ్ల మీద నేను నిలబడాల. గంప నేనే మోసకపోవాల" అనేది. రోజూ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ ముఖం తిప్పుకునేది.

మంచం మీంచి జేజికి కనిపించేది ఆ బండల కుప్ప ఒక్కటే. ఎండ ఎక్కి బండలు కాస్త వెచ్చబడగానే సందులోంచి ఒక తల బయటికి వచ్చేది, వెనకే నెమ్మదిగా మూరన్నర పొడుగు ఒళ్లు, బూడిద రంగు చర్మం మీద పసుపు చుక్కలు. అది బండ మీద పొట్ట ఆనించి పడుకునేది. జేజి ఒక కోడిగుడ్డు దొర్లిస్తే వచ్చి మింగి, తల ఎత్తి ఆమె వైపు చూసి వెళ్లేది. "ఏమ్మా, ఇయాల ఆలీశమాయెనే" అని జేజి దాన్ని పలకరించేది. మాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడేదని నాకు కొంచెం కుళ్లుగా కూడా ఉండేది.

ఎవరైనా వచ్చి "అదేంది పెద్దమ్మా, ఉడుమా?" అని కళ్లు పెద్దవి చేస్తే జేజి వెంటనే కొట్టిపారేసేది.

"ఉడుము యాడిదప్పా, తొండ. ముదురు తొండ."

"తొండ ముదిరితే ఊసరవెల్లి అయితాదని ఇన్యాం గానీ, ఇంతైతాదా!" అని వాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లు. ఉడుము కూర అంటే చెవి కోసుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది, కుక్కలను వెంటేసుకుని తిరిగేవాళ్లు. అందుకని జేజి దాని పేరు మార్చేసింది. నిజం మా నాయనకూ అమ్మకూ చిన్నాయనకూ తెలుసు, చిన్నాయన చేత అయితే దాని జోలికి పోనని ఒట్టు కూడా వేయించుకుంది. నాకు మాత్రం చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. ఉడుమంటే నేను ఎరిగింది వేటకు పోయినవాళ్లు కట్టెకు వేలాడదీసుకొచ్చే నల్లటి ముద్ద ఒక్కటే. పసుపు చుక్కలతో ఎండ కాగే ఈ ప్రాణికీ దానికీ సంబంధం ఉంటుందని నాకు తోచనేలేదు.

సంత రోజు చిన్నాయన సైకిలు వెనక కాయగూరల గోతాలు కట్టుకుని ఆళ్లగడ్డ పోతే, బడి లేనప్పుడు నేను ముందు కడ్డీ మీద కూర్చునేదాన్ని. పొట్లంలో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నా కూలి. ఆ చలికాలంలోనే సంతలో కొత్తగా ఒక ముసలాయన కనిపించాడు. తెల్లగడ్డం, నీళ్ల కావి పట్టిన చొక్కా, ఎక్కడో ఇసక దేశం నుంచి వచ్చానని చెప్పేవాడు. ముందు పరిచిన దుప్పటి మీద నాలుగైదు లావుపాటి జంతువులు ముందుకాళ్ల మీద లేచి ఉన్నాయి, వెనకభాగం మాత్రం నేలకు అతుక్కుపోయి ఉంది. పక్కన చిన్న పొయ్యి మీద పెనంలో కొవ్వు కాగుతోంది. అదే ఈ వాసన.

"అవి ఎందుకు పారిపోవు?" అని అడిగాను.

"నడుం తీసేసినాం బేటీ. లేకుంటే ఉంటాయా?" అన్నాడు, ఉల్లిగడ్డ పొట్టు తీశానన్నంత మామూలుగా.

"పడిపోయిన కాళ్లు లేస్తాయా, ఈ నూనెకు?"

"దేవుడు దయ తలిస్తే లేస్తాయి. నూనె తాజాగా ఉండాలి, అంతే. సాండా మీ వైపు దొరకదు, అదే మాకు కష్టం."

కొనమని చిన్నాయనను బతిమాలితే "నూనెకే కాళ్లొస్తే కుంటోళ్లే ఉండరు పో" అని నా నెత్తిన మొట్టాడు. నాకు మాత్రం తిరుగుదారిలో వెనకచక్రం చప్పుడు వింటున్నంతసేపూ ఒకటే ఆలోచన. అంతే పొడుగు, అదే రంగు, అవే నాలుగు కాళ్లు. దొరకదంటాడేమిటి, మా బండల సందులోనే ఉంది కదా!

మరుసటి సంత నాటి పొద్దున అమ్మ జేజిని లోపలికి మోసుకుపోయి తలంటి పోస్తోంది. వెనక వసారాలో ఎవరూ లేరు. నేను గుడ్డు దొర్లించాను. అది ఎప్పటిలాగే వచ్చింది. నాది జేజి చెయ్యి అనుకుందో ఏమో, తల వంచి గుడ్డు మింగుతోంది. కుప్ప అంచున నిలబెట్టిన బండను దాని నడుము మీదికి తోశాను. పెద్ద చప్పుడేం రాలేదు. దుప్పటి మీద ఉన్నవాటిలాగే ఇదీ ముందుకాళ్ల మీద లేచి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ బండల వైపు రెండు జానలు పాకింది. అప్పుడు నాకు భయం వేసింది, అయినా గోతం కప్పి మూతి కట్టి, చిన్నాయన కాయగూరల గోతాల్లో కలిపేశాను. జేజి నడుస్తుందన్న సంతోషం కూడా ఉంది. ఆ రెండూ ఒకేసారి ఉన్నాయి.

సంతలో చిన్నాయన గోతాలు దించుకుంటుంటే నాది నేను ఈడ్చుకుంటూ ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన మూతి విప్పి, చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీశాడు. తీసి దాని తోక తిప్పి చూశాడు.

"ఇది సాండా కాదు బేటీ. సాండా తోక చూడు, ముళ్లు. అది గడ్డి తింటుంది. దీని నాలుక చూడు, పాము నాలుక. ఇది ఉడుము." దాని వీపు మీద బొటనవేలితో తడిమాడు. "నడుం ఎవరు తీసినారు దీనికి?"

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

అంతలో చిన్నాయన వచ్చాడు. ముసలాయన చేతుల్లో వేలాడుతున్నదాన్ని చూశాడు. "ఏయ్, ఇది మాయమ్మ సాకే ఉడుము! దీని నడుం ఇరుస్తావా?" అని ఆయన చొక్కా పట్టుకుని గుంజాడు. జనం మూగారు. ఎవరో పెనాన్ని తన్నారు, కాగిన నూనె దుమ్ములో పారి ఆ వాసన సంతంతా కమ్మింది. ముసలాయన చొక్కా చినిగింది, పెదవి చిట్లింది. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. చెప్పేస్తాడనుకున్నాను. పదేళ్ల పిల్లను నలుగురిలో నిలబెట్టడం దేనికి అనుకున్నాడో, చెప్పినా ఎవరు నమ్ముతారనుకున్నాడో, ఆయన నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. దుప్పటి నాలుగు మూలలూ కూడగట్టి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆళ్లగడ్డ సంతకు రాలేదు.

ఇంటికి తెచ్చి మంచం పక్కన దింపగానే జేజి దాని వెనక కాళ్లు ముట్టుకుని చూసింది.

"ఎవురు సేసినారే ఇది?"

"ఆ మందులాయన" అన్నాను. నూనె కోసం దాన్ని తీసుకుపోయింది నేనే అని మాత్రం ఒప్పుకున్నాను.

జేజి దాని తల నిమిరింది. "నాదే తప్పు. ఉడుమును ఉడుమని సెప్పింటే పిల్ల ఎరిగుండు" అంది. దాన్ని తన మంచం కిందే ఉంచుకుంది. గుడ్డు పగలగొట్టి చిప్పలో పోస్తే నాకేది. ఉన్నట్టుండి మంచం కింద నాపబండల మీద సర్రు, సర్రుమని ఈడ్చుకునే చప్పుడు వచ్చేది. బువ్వ తింటున్నా, లెక్కలు చేస్తున్నా ఆ చప్పుడు వినపడితే నా చెయ్యి ఆగిపోయేది. సాయంత్రం ప్రార్థనలో అందరం మోకరిస్తే, వానల కోసం, పంట కోసం, మా చదువుల కోసం అడిగాక జేజి చివర్లో ఒక మాట చేర్చేది. "ప్రభువా, ఆ మందులాయన సేతుల్ను మన్నించు." అందరూ ఆమెన్ అనేవాళ్లు. నేనూ అనేదాన్ని.

కోతపండగ వచ్చింది. జేజిని మంచంతో సహా ఎద్దులబండి ఎక్కించి చర్చికి తీసుకుపోదామని నాయన, చిన్నాయన సిద్ధమయ్యారు. అమ్మ గంపలో కొత్త జొన్నలు పోసి పసుపు బంతిపూలు పెట్టింది. జేజి తెల్లచీర కట్టుకుంది కూడా. బండి ఎక్కించే వేళకు మంచం కిందికి చూసి, వద్దంది.

"అది రెండు దినాల నుంచి గుడ్డు ముట్టడంల్యా. దాన్నొక్కదాన్నే ఇడిసి నేను యాడికి రావాల? గంప రూతమ్మ మోస్తాదిలే."

రూతమ్మ అంటే నేను. ఏడాది పొడుగునా ఆమె ఎదురుచూసిన నడక నేను నడిచాను. మేం తిరిగొచ్చేసరికి ఉడుము చనిపోయింది, జేజి తన తెల్లచీర కొంగు చింపి దాని మీద కప్పి ఉంచింది. చిన్నాయన బండల కుప్ప పక్కన గుంట తీశాడు.

జేజి మరో పండగ చూడలేదు. చివరి రోజుల్లో ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, నా రెండు చేతులనూ తన చేతుల్లో పెట్టుకుని ప్రార్థన చేసింది. ఎప్పటిలాగే వానలు, పంటలు, చదువులు. చివరికి వచ్చేసరికి మందులాయన ఊసు ఎత్తలేదు. "సేతుల్ను మన్నించు తండ్రీ" అని మాత్రం అని, నా వేళ్లను ఒక్కొక్కటిగా నిమిరింది. నేను ఆమెన్ అన్నాను. ఆమెకు తెలుసని నాకు అర్థమయ్యేటప్పటికి ఆమె లేదు. ఎప్పటినుంచి తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. ఉడుము పట్టు అంటారు గదా, ఆ చేతుల పట్టు నన్ను ఈనాటికీ వదల్లేదు.

ఇప్పుడు ఆ ఇంటి నేల మీద నాపబండల్లేవు, తళతళలాడే టైల్సు పరిచారు. కుప్ప ఉన్నచోట చిన్నాయన కొడుకు కారు నిలుపుతాడు. శనగచేలు ఉన్నాయి గానీ ఆకు మీద వేలు రాసి నాకే పిల్లలు లేరు, మందులు కొట్టినవి నాకనిచ్చేవాళ్లూ లేరు. ఉడుమును చూసి నాకు ఇరవై ఏళ్లు దాటింది. నంద్యాల బస్టాండు దగ్గర నేల మీద గుడ్డ పరుచుకున్నవాళ్లు కనిపిస్తే మాత్రం ఇప్పటికీ వంగి ముఖం చూసి వస్తాను, ఆ ముసలాయన ఈపాటికి బతికి ఉండడని తెలిసి కూడా.

"ఏంది, రాయాల్నా వద్దా? వాసన పడదా నీకు?" అన్నాడు మా ఆయన, సీసా పట్టుకుని.

పడదనే ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. నిన్న మాత్రం ఆయనను కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. బండ తోసింది నేనేనని పైకి అనడం అదే మొదటిసారి. ఆయన మూత బిగించి సీసాను కిటికీలో పెట్టాడు. జేజి నన్ను మన్నించింది. కానీ నన్ను మన్నించాల్సిన మనిషి చినిగిన చొక్కాతో ఆళ్లగడ్డ సంత దాటి వెళ్లిపోయాడు. ఆయన ఏ ఊళ్లోనైనా తన పిల్లలకు పాత సంగతులు చెప్పుకుని ఉంటే, వాటిలో ఈ సంత కూడా ఉండి ఉంటుంది. అందులో, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా నిలబడ్డ పిల్ల కూడా ఉండి ఉంటుంది.