పట్టాలు తప్పిన చోట

మా నాందేడ్‌లో పట్టాలు తప్పడమన్న మాటకు విలువ లేకుండా పోయింది. పిల్లవాడు పరీక్షలో ఫెయిలైతే పట్టాలు తప్పాడంటారు, మొగుడు తాగొస్తే పట్టాలు తప్పాడంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. పట్టా వేసిన చేతులు నావి. ముద్ఖేడ్ వైపు రైలు లైను మీద పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరి, మేటునయ్యాను. మేటంటే గ్యాంగుకు పెద్ద.

బండి ఊరికే తప్పదు. ముందు చక్రం పట్టా మీదికి ఎక్కుతుంది, కొంత దూరం పట్టా నెత్తినే దొర్లుతుంది, ఆ తర్వాత అవతల పడుతుంది. జనానికి పడ్డ చోటే కనిపిస్తుంది. మేం వెతికేది ఎక్కిన చోటు. అక్కడ పట్టా మీద సన్నటి మెరుపు గీత ఉంటుంది. ఆ గీత నుంచి వెనక్కి, పట్టాల కింద అడ్డంగా వేసిన ఒక్కో స్లీపరు దగ్గర పట్టాల ఎత్తూ ఎడమూ కొలుచుకుంటూ పోతాం. తప్పెవరిదో ఆ కొలతల్లోనే తేలుతుంది.

డెబ్బైలలో ఒక వానాకాలం పొద్దున గూడ్సు డబ్బా ఒకటి మా లైనులోనే పట్టా దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను పోయేసరికి చూడవచ్చిన జనం పట్టాలు తొక్కుకుంటూ తిరుగుతున్నారు. గీత చెరిగిపోకుండా నా రుమాలు తల మీంచి విప్పి దాని మీద పరిచాను. ఎవరూ రాకుండా పక్కనే కూర్చున్నాను.

మా లైను చూసే రైల్వే ఇన్‌స్పెక్టర్ సాబు, పట్టాల మీద తోసే ట్రాలీ ఎక్కి వచ్చి కొలిపించాడు. గీతకు కొంచెం వెనక, రెండు పట్టాలు కలిసే జాయింటు కుంగి ఉంది. సాబు నన్ను చూడలేదు, కీమ్యాన్‌ను చూశాడు. రోజూ సుత్తి భుజాన వేసుకుని లైనంతా నడిచి, వదులైనవి బిగించేవాడు కీమ్యాన్. కుండల్‌వాడి మనిషి, నాకంటే చిన్న.

"రోజు నడుస్తవ్ గదా, గిది కనబడలేదా? నౌకరీ పోతది నీది," అన్నాడు సాబు.

కీమ్యాన్ తల వంచుకున్నాడు, నా పేరు ఎత్తలేదు. మూడు రోజుల కిందటే నాకు చెప్పాడతను: "అన్నా, జాయింటు కుంగింది. కిందికి కంకర కొట్టాలె." ఎల్లుండి చూద్దాం తియ్ అన్నది నేను. నా లైను నాకు తెలియదా అన్న పొగరు. ఇప్పుడు పెద్దవాణ్ణని నన్ను కాపాడుతూ, తన పొట్ట మీద తనే కొట్టుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది.

"సాబ్, ఆయన జెప్పిండు. నేనే ఆపిన. గట్లనే రాయుండ్రి."

సాబు కలం ఆగింది. "మేటు పని పోతది నీకు. సోచో, మంచిగ ఆలోచించుకో."

"రాయుండ్రి సాబ్."

కాగితం మీద సంతకం పెట్టాను. ఇంటికొచ్చి చెబితే నా భార్య అన్నం కంచం నా ముందు విసురుగా పెట్టి లోపలికి పోయింది. పిల్లలున్న ఇల్లు, ఆమె కోపం ఆమెది.

నెల తిరిగేసరికి నన్ను మామూలు గ్యాంగ్‌మ్యాన్‌ను చేసి, కీమ్యాన్‌ను మేటు చేశారు. మొదటి పొద్దున హాజరుకు అందరం వరుసలో నిలబడ్డాం. అతను ఒక్కొక్కరికీ పని చెప్పుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేటుగా ఉన్నన్నాళ్లలో ఏ రోజూ ఆ పొద్దుటంత గర్వంగా నిలబడలేదు నేను. పార అందుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

"చెప్పుండ్రి మేటు సాబ్, ఇయ్యాల ఏడ కంకర కొట్టాలె?"