పళ్ళు పైకి పెట్టిన కట్టర్

ఏడేళ్లుగా మా బావగారి కుడికన్ను అంటే నాకు భయం. ఆయనకు మిగిలింది ఆ ఒక్కటే. అది నా వైపు తిరిగినప్పుడల్లా, తెలిసిపోయిందేమో అని చూపు తిప్పేసుకుంటాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

ముక్తేశ్వరంలో మా పెరటి షెడ్డులో ఒక లేతు, ఒక చిన్న మిల్లింగ్ మిషను ఉన్నాయి. కొబ్బరిపీచు మిషన్లకు విడిభాగాలు చేస్తాం. మా అక్క భర్త, ఈ బావగారు, మస్కట్ నుంచి తిరిగొచ్చాక నాతో పనిలో చేరారు. మిల్లింగ్ మిషనుకు బిగించి లోహం కోసే పళ్ళ కట్టర్లు దాచడానికి పనసచెక్కకు వరసగా బెజ్జాలు వేసి నేనే ఒక దిమ్మ చేశాను. నియమమూ నాదే. మంచి కట్టర్ పళ్ళు పైకి, పాడైనది పళ్ళు కిందికి. ఆయన ఎప్పుడైనా మరిచిపోతే, “మస్కట్‌లో కూడా ఇలాగే తలకిందులుగా చేసేరాండీ?” అని ఎగతాళి చేసేవాణ్ణి.

ఆ రోజు ఉక్కు షాఫ్టుకు గాడి కొయ్యాలి. ఉక్కుకు సరిపడే నాలుగు పళ్ళ కట్టర్ ఎంచి తీశాను. చేయి జారి సిమెంటు నేల మీద పడింది. కాడ దగ్గర వెంట్రుకంత గీత. మరకా? కాదు, బీటే. నాకు తెలుసు. అప్పుడే బావగారు గుమ్మంలోకి వచ్చారు. ఇన్నాళ్లూ నేనన్న మాటలన్నీ ఇప్పుడు నాకే తిరిగొస్తాయనిపించి, గబుక్కున దాన్ని దిమ్మలో పెట్టేశాను. పళ్ళు పైకి. తరవాత పారేద్దామనుకుని అన్నానికి వెళ్లాను. నిజంగా పారేసేవాణ్ణేనా?

ఆయన దిమ్మను నమ్మి, ఆ కట్టర్‌నే మిషనుకు బిగించారు. నేను రెండో ముద్ద కలుపుతుండగా షెడ్డులో ఏదో చిట్లిన చప్పుడు, వెంటనే అరుపు. ముక్కలు ఎగిరి తగలకుండా కళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు మా షెడ్డులో ఎవరికీ లేదు. అదీ నా నిర్లక్ష్యమే.

అమలాపురం వెళ్లే ఆటోలో, తడిసిన తువ్వాలు ఎడమకంటికి అదుముకుని అడిగారు.

“ఒరే, అది పళ్ళు పైకే ఉంది కదరా? నేను సరిగ్గానే చూసేను కదా?”

“లేదండీ. కిందికే ఉంది. మీరే చూసుకోలేదు.”

ఆయన తువ్వాలు మడత మార్చి మళ్ళీ అదుముకున్నారు.

“ఆయ్. అయితే నాదే పొరపాటు. మీ అక్కని కంగారు పెట్టకు.”

కన్ను దక్కలేదు. ఆ తరవాత ఆయన మిషను ముట్టుకోలేదు. రెండో కన్ను కూడా తనను మోసం చేస్తుందని ఆయన భయం. ఆ భయం పెట్టింది నేను. కట్టర్ బీట పిరికితనంతో దాచాను, సరే. కానీ నెత్తురు కారుతున్న మనిషి అడిగితే అంత తడుముకోకుండా ఎలా అబద్ధమాడగలిగాను?

మొన్న ఆయన ఒక కొత్త దిమ్మ చేసి తెచ్చారు. పాడైన కట్టర్లకు వేరే అర, దానికి ఎర్ర మూత. “నాలాంటోడు మళ్ళీ పొరపడకూడదు కదరా,” అని నవ్వేరు. దాన్ని ఇంకా బల్ల కిందే ఉంచాను.

ఆయనతో చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. కానీ ఈ ముక్క ఇప్పటిదాకా నా నోట గానీ, కాగితం మీద గానీ రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆయన సరిగ్గానే చూశారు. పళ్ళు పైకే ఉన్నాయి. అలా పెట్టింది నేను.